యతీమ్ మనుమలకు తాత రాయవలసిన వీలునామా

తండ్రి బ్రతికి ఉండగానే కొడుకు చనిపోతే, ఆ కొడుకు పిల్లలకు తాతగారి ఆస్తిలో వాటా వస్తుందా? గుంటూరు, ప్రకాశం ప్రాంతాల గ్రామాల్లో ఆస్తి పంపకాల దగ్గర మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. తాతగారికి మరో కొడుకు బ్రతికి ఉంటే రాదన్నదే జవాబు. అది విని కొందరు తల దించుకుంటారు. మరికొందరు షరీఅత్‌లో ఇంత కాఠిన్యం ఉందా అని నిట్టూరుస్తారు. కాని అడగవలసిన వేళ దాటిన తరువాత అడిగామన్న సంగతి చాలామంది గమనించరు. తాత బ్రతికి ఉన్నప్పుడే అడిగి ఉంటే జవాబు వేరుగా ఉండేది. ఆ జవాబు పేరే వసీయత్, అంటే వీలునామా.

అప్పు కొడుకు పేర, పొలం తండ్రి పేర

ఈ ప్రశ్న అన్ని చోట్లా ఉన్నదే. అయినా మన నల్లరేగడి నేలల్లో దీని బరువు ఎక్కువ. పత్తి, మిరప పెట్టుబడి పంటలు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎందరో రైతులు అప్పుల భారం మోయలేక ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను అదే విధంగా దెబ్బతీసింది. పంట పోయిన ప్రతిసారీ ఇంటికి ఆధారమైన వయసు మగవాడే ముందుగా కుప్పకూలుతున్నాడు. పంట సంగతి అలా ఉంచినా, రోడ్డు ప్రమాదాలు, గుండెజబ్బులు కూడా తండ్రుల కంటే ముందు కొడుకులను తీసుకుపోతున్నాయి.

మన ఇళ్ళలో సాధారణంగా పాసు పుస్తకం పెద్దాయన పేరు మీదే ఉంటుంది. సేద్యం చేసేది కొడుకు. పురుగుమందుల షాపులో ఖాతా కొడుకు పేర ఉంటుంది. మిర్చి యార్డులో కమీషన్ దుకాణం వారు ఇచ్చిన అడ్వాన్సుకు ప్రామిసరీ నోటు మీద సంతకం కూడా కొడుకుదే. ఆ కొడుకు పోయిన నాడు అప్పుల వాళ్ళు అతని భార్య గడపకు వస్తారు, పొలం మాత్రం మామగారి పేరనే ఉండిపోతుంది. కొన్నేళ్ళకు మామగారూ కన్నుమూస్తారు. అప్పుడు బ్రతికి ఉన్న కొడుకులు, కూతుళ్ళు, భార్య వారసులవుతారు. తండ్రి లేని పిల్లలు పంపకం జరిగే వరండాలో ప్రేక్షకులుగా నిలబడతారు.

'ఉమ్మడి ఆస్తి' అన్న అపోహ

మన సోదరుల్లో చాలామంది ఇరుగుపొరుగు హిందూ కుటుంబాల ఆస్తి పద్ధతి మనకూ వర్తిస్తుందనుకుంటారు. 'ఇది పిత్రార్జితం, పుట్టుకతోనే మా వాడికి వాటా ఉంది' అంటారు. ముస్లిం ధర్మశాస్త్రంలో పుట్టుకతో వచ్చే వాటా లేదు. పిత్రార్జితం, స్వార్జితం అన్న తేడా కూడా లేదు. మనిషి బ్రతికి ఉన్నంత కాలం అతని ఆస్తి అతనిదే. అతను కన్నుమూసిన క్షణాన బ్రతికి ఉన్నవారే వారసులు.

1956 హిందూ వారసత్వ చట్టం ముందే చనిపోయిన కొడుకు పిల్లలను మొదటి తరగతి వారసుల్లో చేర్చింది. అందువల్ల పక్కింటి హిందూ బాలుడికి తాత ఏమీ రాయకపోయినా చట్టమే వాటా ఇస్తుంది. మన బాలుడికి తాత రాస్తేనే వస్తుంది. ఒకే వీధిలోని రెండు ఇళ్ళ మధ్య ఉన్న ఈ తేడా తెలియకనే ఎందరో పెద్దలు నిశ్చింతగా కాలం వెళ్ళబుచ్చుతున్నారు.

వ్యవసాయ భూమికి షరీఅత్ వర్తించదన్న మాట కూడా అక్కడక్కడా వినబడుతుంది. 1937 నాటి షరీఅత్ అనువర్తన చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. అయితే అప్పట్లో మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. కనుక మన పత్తి చేను, మిరప చేను షరీఅత్ వాటాలకు లోబడినవే. కూతురికి ఇల్లు, బంగారంలోనే గాని పొలంలో వాటా లేదనే వారికి కూడా ఇదే సమాధానం. పెళ్ళికి కట్నం ఇచ్చినంత మాత్రాన ఆమె వారసత్వ హక్కు చెల్లిపోదు.

మనుమడికి వాటా ఎందుకు రాదు?

దగ్గరి బంధువు ఉండగా దూరపు బంధువు వారసుడు కాడన్నది మీరాస్ శాస్త్రంలో మూలసూత్రం. కొడుకు ఉండగా కొడుకు కొడుకు రాడు. బ్రతికి ఉన్న కొడుకు ఒక్కడూ లేకుండా కూతుళ్ళు మాత్రమే ఉంటే మనుమడు వారసుడవుతాడు. ముందే మరణించిన కూతురి పిల్లల పరిస్థితి మరీ దూరం. కొడుకులు, కూతుళ్ళు ఉండగా వారికి వారసత్వం రాదు.

ఇంతటితో ఆగితే షరీఅత్‌ను సగమే చదివినట్లవుతుంది. వారసుల వాటాలను దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో నిర్ణయించింది. వాటాలు రాని దగ్గరి బంధువుల కోసం వసీయత్ అనే ద్వారాన్ని తెరిచి ఉంచింది. అల్‌బఖరా సూరా 180వ ఆయతు మరణం సమీపించిన వేళ తల్లిదండ్రులకు, బంధువులకు వసీయత్ చేయమని ఆదేశించింది. వాటాల ఆయతులు వచ్చాక వారసులకు ఆ అవసరం తీరిపోయిందనీ, వారసులు కాని బంధువుల విషయంలో అది ప్రోత్సాహకరమైన పనిగా నిలిచి ఉందనీ అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. ఇబ్నె హజ్మ్ వంటి పండితులు అది ఇప్పటికీ విధి అనే అన్నారు. అదే సూరా అన్నిసా 8వ ఆయతులో పంపకం వేళ హాజరైన బంధువులకు, అనాథలకు కూడా కొంత ఇవ్వమనే ఆదేశం ఉంది.

ఇబ్నె హజ్మ్ అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని ఈజిప్టు 1946లో ఒక చట్టం చేసింది. తాత వసీయత్ రాయకపోయినా యతీమ్ మనుమలకు వారి తండ్రి వాటా మేరకు, మూడోవంతు మించకుండా ఇచ్చి తీరాలన్నది. పాకిస్తాన్ 1961లో మరో మార్గం తొక్కి మనుమలను నేరుగా తండ్రి స్థానంలో నిలబెట్టింది. దానిపై అక్కడి ఉలమాల్లో గట్టి అభ్యంతరాలు వచ్చాయి. మన రాష్ట్రంలో అలాంటి చట్టం ఏదీ లేదు. కనుక ఇక్కడ యతీమ్ మనుమడికి మిగిలిన ఆధారం తాత చేతిలోని కలమే.

ఒక లెక్క చూద్దాం

ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. మూడో కొడుకు ఇద్దరు పిల్లలను వదిలి ముందే చనిపోయాడు. పెద్దాయన మొత్తం ఆస్తి 66 లక్షలు. కఫన్ దఫన్ ఖర్చులు, బాకీలు, భార్యకు ఇవ్వవలసి ఉన్న మహర్ కలిసి 6 లక్షలు. ఇవి ముందుగా తీర్చాలి. మహర్ కూడా అప్పేనన్నది మరువరాదు. మిగిలింది 60 లక్షలు.

వీలునామా లేకపోతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 7 లక్షల 50 వేలు. మిగిలిన 52 లక్షల 50 వేలను కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున అయిదు భాగాలు చేస్తే ఒక్కో కొడుకుకు 21 లక్షలు, కూతురికి 10 లక్షల 50 వేలు. యతీమ్ పిల్లలకు సున్నా.

ఇప్పుడు వీలునామా ఉన్నదనుకుందాం. 60 లక్షల్లో మూడోవంతు 20 లక్షలు. అంతవరకు రాసే అధికారం పెద్దాయనకు ఉంది. చనిపోయిన కొడుకు బ్రతికి ఉంటే అతనికి 15 లక్షలు వచ్చేవి. పెద్దాయన ఆ 15 లక్షలే మనుమలకు రాశాడు. మిగిలిన 45 లక్షల్లో భార్యకు 5 లక్షల 62 వేల 500, ఒక్కో కొడుకుకు 15 లక్షల 75 వేలు, కూతురికి 7 లక్షల 87 వేల 500 వస్తాయి. ఎవరూ వీధిన పడలేదు. ఆ ఇద్దరు పిల్లల చదువుకు, పెళ్ళికి ఒక దారి ఏర్పడింది.

మూడోవంతు ఎలా వచ్చింది?

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ (ర) మక్కాలో తీవ్రంగా జబ్బు పడ్డారు. అప్పటికి ఆయనకు వారసురాలిగా ఒక్క కూతురే ఉంది. మూడింట రెండు వంతులు దానం రాయనా అని మహాప్రవక్త (స)ను అడిగారు. వద్దన్నారు. సగం రాయనా అన్నారు. అదీ వద్దన్నారు. మూడోవంతుకు ఒప్పుకుంటూ, అదీ ఎక్కువేనన్నారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచేలా వదిలి వెళ్ళడం కంటే కలిగినవారిగా వదిలి వెళ్ళడం మేలని బోధించారు. హజ్రత్ సాద్ (ర) ఆ జబ్బు నుంచి కోలుకుని చాలా కాలం జీవించారు. వీలునామా మాట ఎత్తితే చావు దగ్గర పడుతుందని భయపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాయవలసినది ఉన్న ముస్లిం రెండు రాత్రులు కూడా వీలునామా లేకుండా గడపరాదని బోధించే హదీసు కూడా ఉంది.

మూడోవంతు మించి రాస్తే, మించిన భాగానికి వారసుల అంగీకారం కావాలి. హనఫీ పద్ధతిలో ఆ అంగీకారం ఆయన మరణించిన తరువాత ఇచ్చినదే చెల్లుతుంది. బ్రతికి ఉండగా కొడుకులతో సంతకాలు పెట్టించి నిశ్చింతగా ఉండరాదు. వారసుడికి వసీయత్ లేదన్నది రెండో నియమం. ఒక కొడుకుకు ఎక్కువ రాసి కూతురిని తప్పించడం కుదరదు. మిగతా వారసులు తరువాత ఒప్పుకుంటే తప్ప ఆ కాగితానికి విలువ లేదు. షియా పద్ధతిలో ఈ రెండు విషయాల్లో తేడాలున్నాయి, వారు తమ ఆలిములను సంప్రదించాలి.

మనుమడు వారసుడు కాడు కాబట్టే అతనికి వసీయత్ చెల్లుతుంది. 'షరీఅత్ ఇవ్వనిది మనం ఇవ్వడమేమిటి' అనేవారు ఈ మాటను నిదానంగా ఆలోచించాలి. విధవరాలైన కోడలు, పెంచుకున్న పిల్లవాడు, ముందే పోయిన కూతురి పిల్లలు, ముస్లిమేతర బంధువు కూడా ఈ కోవలోకే వస్తారు. అయితే అందరికీ కలిపి మూడోవంతే.

రాసే విధానం

ముస్లింల వీలునామాకు చట్టరీత్యా ప్రత్యేక రూపం అవసరం లేదు. నోటిమాటగా చెప్పినదీ చెల్లుతుంది. కాని నోటిమాటను కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో తిరిగినవారికే తెలుసు. దివ్య ఖుర్ఆన్ కూడా వసీయత్ వేళ న్యాయవర్తనులైన ఇద్దరు సాక్షులను ఉంచమన్నది. కనుక రాయండి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి. ఆస్తి పొందేవారు సాక్షులు కాకుండా ఉంటే మంచిది.

రాయించేవారికి బాగా అర్థమయ్యే భాషలోనే రాయించాలి. ఉర్దూ ఇంటిభాష అయినా, రేపు ఆ కాగితం తహసీల్దారు కార్యాలయానికి, కోర్టుకు వెళ్ళవలసినదే గనుక తెలుగులో ఉండడం సౌకర్యం. చదువు రాని వారికి సాక్షుల ఎదుట పూర్తిగా చదివి వినిపించి, ఆ సంగతి కాగితంలోనే రాసి, వేలిముద్ర వేయించాలి. ముఖ్యమైన వాక్యాలు ఈ విధంగా ఉండవచ్చు:

'ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, ఫలానా వయస్సు గల నేను, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. నా మరణానంతరం నా కఫన్ దఫన్ ఖర్చులు, బాకీలు ముందుగా తీర్చవలెను. తరువాత మిగిలిన ఆస్తిలో నాలుగో వంతు, నా కంటే ముందు మరణించిన నా ఫలానా కుమారుని పిల్లలు ఫలానా, ఫలానాలకు సమానంగా చెందవలెను. మిగిలినది షరీఅత్ ప్రకారం నా వారసులకు చెందవలెను. దీనిని అమలు జరుపుటకు ఫలానా వారిని వసీగా నియమించితిని. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు రద్దు.'

పై లెక్కలో 60 లక్షలకు 15 లక్షలు నాలుగో వంతే అవుతుంది. ఇలా భాగంగా రాస్తే ధరలు పెరిగినా తగ్గినా ఇబ్బంది ఉండదు. ఫలానా చేను ఇవ్వదలిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాయాలి. కాని ఆ చేను విలువ మరణ సమయానికి మూడోవంతు మించితే మించినంత మేర వారసుల అంగీకారం కావలసి వస్తుంది. మనుమలు ఎందరుంటే అందరి పేర్లూ రాయాలి. రాసినవారి కంటే ముందే పొందవలసినవారు మరణిస్తే వారి మేరకు వసీయత్ రద్దవుతుంది. అప్పుడు కొత్తది రాసుకోవాలి. వీలునామాను ఎప్పుడైనా మార్చవచ్చు. చివరిది నిలుస్తుంది కనుక తేదీ తప్పనిసరిగా వేయాలి.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దాని రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. అయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. గుట్టుగా ఉంచదలచిన వారు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

వీలునామాతో పాటు ఒక వివరాల పట్టీ జతచేయండి. ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీల మిర్చి ఉంది, దాని మీద తీసుకున్న అప్పు ఎంత, ఏ దుకాణానికి ఎంత బాకీ, ఎవరి దగ్గర మనకు రావలసింది ఎంత, మన దగ్గర ఎవరి అమానతు ఉంది అన్నవన్నీ రాయాలి. మన సరుకు మరొకరి పేర నిల్వ ఉన్నా, మరొకరిది మన పేర ఉన్నా స్పష్టంగా రాయాలి. కౌలు భూమి మనది కాదు. మసీదు, దర్గా సేవ కోసం ఇచ్చిన ఇనాం భూమి కూడా మనది కాదు. వాటిని వీలునామాలో చేర్చరాదు. బ్యాంకులో నామినీగా పేరు రాయిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. నామినీ ఆ డబ్బు అందుకుంటాడు, వారసులకు పంచవలసిన బాధ్యతతో అందుకుంటాడు.

పిల్లల ఆస్తికి కాపలా

మైనర్ల పేర రాసినంత మాత్రాన పని పూర్తి కాదు. దానిని కాపాడేదెవరు? మైనర్ల ఆస్తికి తండ్రి, తండ్రి నియమించిన వసీ, తాత, తాత నియమించిన వసీ మాత్రమే సహజంగా సంరక్షకులు. పినతండ్రికి ఆ హక్కు దానంతట రాదు, తల్లికీ రాదు. తల్లికి మైనర్ల స్థిరాస్తి అమ్మే అధికారం లేదని ప్రీవీ కౌన్సిల్ 1918లోనే తీర్పు చెప్పింది. వసీ లేకపోతే ఎవరైనా కోర్టుకు వెళ్ళి సంరక్షకులుగా నియామకం పొందవలసిందే.

తాతగారు ఒక్క వాక్యంతో ఈ చిక్కు విప్పగలరు. నమ్మకస్తుడిని వసీగా నియమించవచ్చు. పిల్లల తల్లినే వసీగా నియమించే అధికారం కూడా ఆయనకు ఉంది. ఆమె ఒక్కతీ లెక్కలు చూసుకోలేదనిపిస్తే ఆమెతో పాటు మరొకరిని చేర్చవచ్చు. అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నిప్పు నింపుకుంటున్నారని అన్నిసా సూరా హెచ్చరించిన సంగతి వసీలందరూ ఎరగాలి.

ఇప్పుడే ఇవ్వదలచిన వారికి హిబా మార్గం ఉంది. దానికి మూడోవంతు పరిమితి లేదు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం అనే మూడూ జరగాలి. రాతపూర్వకంగా ఉన్నా ముస్లింల హిబాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కాని రెవెన్యూ రికార్డుల్లో పేరు మారాలంటే రిజిస్ట్రేషన్ మంచిదే. మరణశయ్య మీద చేసిన హిబా మాత్రం వసీయత్ లాగే మూడోవంతుకు లోబడుతుంది. ఆసుపత్రి మంచం మీద తొందరపడి సంతకాలు చేయించేవారు దీనిని గుర్తించాలి.

'నా కొడుకులు మంచివాళ్ళు, అన్న పిల్లలను చూసుకోరా?' అంటారు కొందరు పెద్దలు. చూసుకోవచ్చు. కాని రేపు వారికీ పిల్లలు పెరుగుతారు, ఒక ఏడు పంట పోతుంది, అప్పు పెరుగుతుంది. అప్పుడు అన్న పిల్లలకు ఇచ్చేది దయగా మారుతుంది. దయ అడిగి తెచ్చుకోవలసి వస్తుంది. వీలునామా రాస్తే అది హక్కు అవుతుంది. బాబాయిలకూ మేలే జరుగుతుంది. ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వాలో తండ్రే తేల్చి వెళ్ళాడు గనుక ఊళ్ళో మాట పడనక్కర లేదు, రేపు అల్లాహ్ ఎదుట సమాధానం వెతుక్కోనక్కర లేదు.

కొడుకును పోగొట్టుకున్న ప్రతి తండ్రికీ మా మనవి ఒక్కటే. ఈ వారంలోనే పాసు పుస్తకం, బాకీల చీటీలు ముందు పెట్టుకుని కూర్చోండి. మీ ఊరి ఆలిమును, ఒక వకీలును సంప్రదించండి. భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు మీ ఉద్దేశం ముందుగానే చెప్పండి. తరువాత ఇద్దరు సాక్షులను పిలిచి సంతకం చేయండి. అసలు కాగితం ఎక్కడ ఉందో కోడలికీ తెలిసి ఉండాలి.